గడ్డం లేని పునీతుడు

"ఇవాళా ముట్టలేదు," అంటూ పెద్దకోడలు మేడ దిగి వచ్చి, మామగారి కంచాన్ని వంటింటి బల్ల మీద టక్కున పెట్టింది.

ఆ చప్పుడు ఎవరి కోసమో అందరికీ తెలుసు. చిన్నకోడలు తలెత్తలేదు. పొయ్యి మీద టీ మరుగుతుంటే, దాన్ని చూడటం తప్ప లోకంలో తనకు మరో పని లేనట్టు నిలబడింది.

"నిన్నటిదాకా పాలైనా తాగేవారు. ఇప్పుడవీ లేవు. అడిగితే గూడు వైపు వేలు చూపిస్తారు. 'దాన్నక్కడ పెట్టండి' అంటారు. ఆ ఒక్క ముక్క తప్ప నోట్లోంచి ఇంకో మాట ఊడిపడదు."

"పెడతాం. ముందు దాని సంగతి తేలనీ," అన్నాడు పెద్దకొడుకు, చొక్కా గుండీలు పెట్టుకుంటూ.

"తేల్చాల్సిన మనిషి మన పొయ్యి దగ్గరే ఉంది కదా."

వారం కిందట, తండ్రి మేడ మీది స్నానాలగదికి వెళ్లిన సమయం చూసి, పెద్దకొడుకు ఆయన గది గోడగూట్లో ఉండే కొయ్యబొమ్మను దించి మ్యూజియానికి పంపించాడు. క్రైస్తవ పునీతుడి బొమ్మ. ఒకప్పుడు ఓడల్లో కళాసీగా తిరిగిన తండ్రి, దూరదేశపు రేవులో పాడుబడిన మఠం నుంచి తెచ్చాడని ఇంట్లో చెప్పుకుంటారు. మ్యూజియంలో కొత్తగా కట్టిన హాలు గుమ్మం దగ్గర దాన్ని నిలబెట్టి, కింద తండ్రి పేరు చెక్కించాలని పెద్దకొడుకు కోరిక. తన సిమెంటు కొట్టుకు వచ్చిన ప్రతివాడికీ ఆ మాట చెప్పేశాడు కూడా. ఇక కావలసింది, అది ఏ దేశపు పని, ఎన్నాళ్లనాటిది అని ఓ కాగితం. రాయాల్సింది చిన్నకోడలు. మ్యూజియంలో కొయ్య సామాను బాగుచేసే పని ఆమెది.

"చూడమ్మా," అన్నాడు పెద్దకొడుకు. గొంతు మెత్తగానే ఉంది. "నేను నిన్ను దొంగతనం చెయ్యమనట్లేదు. నాలుగొందల ఏళ్ల నాటిదని రాస్తే ఎవరికి నష్టం?"

"ఇంకా పూర్తిగా చూడలేదు బావగారూ."

"వారం నుంచీ చూస్తూనే ఉన్నావు. పెళ్లిచూపుల్లో నిన్ను కూడా ఇంతసేపు చూడలేదు మావాడు."

ఎవరూ నవ్వలేదు. మావాడు అనిపించుకున్న ఆమె భర్త గుమ్మంలో కూర్చుని బూట్ల తాళ్లు కట్టుకుంటున్నాడు. ఒక బూటు కట్టడం అయిపోయినా తల పైకి రాలేదు. అన్న మాట్లాడుతున్నంతసేపూ ఆయనకు ఆ తాళ్లతోనే పని.

కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. ఆమె టీ వడగట్టి అందరికీ పోసింది. ఎవరి గ్లాసు వాళ్లు తీసుకుని తలో దిక్కూ వెళ్లారు. ఆమె గ్లాసు చల్లారిపోయేదాకా బల్ల మీదే ఉంది.

అత్తగారు పోయి ఏడాది దాటింది. అప్పటి నుంచి ఈ ఇంట్లో ఊరికే మాట్లాడేవాళ్లు లేరు. పని ఉంటేనే పిలుస్తారు. అత్తగారు అలా కాదు. తలుపు చాటున పిల్లి దగ్గిందని చెప్పడానికి కూడా చిన్నకోడల్ని కేకేసేది.

* * *

మ్యూజియం వెనక, వరండా చివరి గది ఆమెది. జిగురు వాసన, పాత వార్నిషు వాసన. కిటికీ పక్కన పొడవాటి బల్ల. దాని మీద మెత్తటి గుడ్డలో పునీతుడు వెల్లకిలా పడుకుని ఉన్నాడు.

మోకాలెత్తు బొమ్మ. పాదాల దాకా అంగీ, తలమీంచి కప్పుకున్న శాలువా. కుడిచెయ్యి శాలువా అంచును గుండె దగ్గర పట్టుకుంది. ఎడమచెయ్యి పక్కకు కొద్దిగా చాచి ఉంది, అరచెయ్యి నేలవైపు తిరిగి. దీవిస్తున్నాడని ఇంట్లో అనుకునేవారు.

ఇన్నాళ్లూ ఆమెకు తెలిసినవి కొన్నే. చెక్క దూరదేశానిది కాదు. ఈ ఊరి కోతమిల్లుల్లో ఇప్పటికీ దొరికేదే. ఉలి దెబ్బలు ఎక్కడా లేవు, అన్నీ పొట్టి చాకు గాట్లు. మఠంలో వందల ఏళ్లు నిలబడిన బొమ్మకు పగుళ్ల లోపల మసి పట్టి ఉండాలి. దూదితో ఎంత తుడిచినా మసి రాలేదు. పైనున్న వార్నిషు డబ్బాల్లో అమ్మే రకం. దాన్ని ఎవరైనా తర్వాత పూసి ఉండవచ్చు కదా అని తనకు తానే సర్దిచెప్పుకుంటూ వచ్చింది. ఇవాళ సర్దిచెప్పుకోవడానికి మిగిలింది అడుగుభాగం ఒక్కటే.

అడుగున అంటించిన ఉన్నిగుడ్డను గోరువెచ్చటి నీళ్లతో తడిపి, మెల్లగా ఎత్తింది. కింద చెక్క మీద విల్లులా వంగిన గీతలు, ఒకదాని పక్కన ఒకటి. గుండ్రటి రంపం గీతలు. కరెంటు మిల్లులో కోసిన చెక్క.

అంగీ అంచున ఉన్న వార్నిషును కూడా తుడిచింది. వెనకవైపు ఒక చదరపు అతుకు బయటపడింది. అక్కడ చెక్క నారలు అడ్డంగా ఉన్నాయి. పక్కవైపు, కాస్త ఎత్తులో, అలాంటిదే ఇంకొకటి.

రెండు వేళ్లు రెండు అతుకుల మీద పెట్టి అలాగే ఉండిపోయింది. పూడ్చిన రంధ్రాలవి. ఇలాంటివి ఆమె చేతుల మీదుగా ఎన్ని పోలేదు. ఒకదాంట్లో నిలువు పట్టె దూరుతుంది, రెండోదాంట్లో అడ్డపట్టె.

"ఏ పునీతుడో తేలిందా?" మ్యూజియం అధికారి పెద్దమేడం లోపలికి వచ్చింది. సిగరెట్లు మానేసిన దగ్గర్నుంచీ ఆవిడ నోట్లో ఎప్పుడూ పిప్పరమెంటు బిళ్ల ఉంటుంది. మాటకు ముందు అది ఒక బుగ్గలోంచి ఇంకో బుగ్గలోకి మారుతుంది.

"లేదు మేడం. గడ్డం లేదు. చేతిలో పుస్తకం లేదు, కర్ర లేదు, తాళంచెవులు లేవు, పిట్ట లేదు. ఏ పునీతుడికీ కుదరడం లేదు."

"గుర్తు లేని పునీతుడు, గుర్తింపు కార్డు లేని గుమాస్తా ఒకటే. గేటు దగ్గరే ఆపేస్తారు. సరే, ఎక్కడిది?"

"ఇది మంచంకోడు మేడం."

పెద్దమేడం వంగి చూసింది. అతుకుల మీద గోటితో రాసింది. బిళ్ల బుగ్గ మారలేదు.

"ఎన్నాళ్లది?"

"ఈ ఊళ్లో కరెంటు మిల్లు వచ్చాక కోసిన చెక్క. జిగురు కూడా డబ్బా జిగురే. నలభై ఏళ్లు. మహా అయితే యాభై."

"మీ బావగారు హాలు గుమ్మం కొలతలు కూడా తీసుకెళ్లారు తెలుసా?"

"తెలుసు."

"కాగితం తొందరేం లేదు. ముందు ఇంట్లో చెప్పుకో." ఆవిడ వెళ్లబోతూ ఆగి, బొమ్మ మొహం వైపు మళ్లీ చూసింది. "చెక్కినవాడికి పని రాదు. కళ్లు చూడు, రెండూ ఒక ఎత్తులో లేవు. కానీ మొహం వదిలిపెట్టడం లేదు మనిషిని. ఇంత కోపంగా ఉన్న పునీతుణ్ని నేనెక్కడా చూడలేదు."

ఆవిడ వెళ్లాక చిన్నకోడలు కుర్చీ దగ్గరికి లాక్కుని ఆ మొహాన్నే చూస్తూ కూర్చుంది. నిజమే. పెదవులు బిగించి ఉన్నాయి. కనుబొమలు ముడిపడీ పడనట్టున్నాయి. ఇన్నేళ్లూ మామగారి గదిలో రోజూ చూస్తూ కూడా తను ఆ కోపాన్ని ఎందుకు చూడలేదో ఆమెకు అర్థం కాలేదు.

* * *

సాయంత్రం ఆమె తిన్నగా ఇంటికి పోకుండా భర్త పనిచేసే పోస్టాఫీసు ముందు నిలబడింది. భర్త బయటికి వచ్చి, ఆమెను చూసి కంగారు పడ్డాడు.

"నాన్నకేమైనా..."

"ఏం లేదు. కలిసి నడుద్దామని వచ్చాను."

ఆ మాట ఆయనకు కొత్తగా వినిపించింది. పక్కపక్కన నడిచే అలవాటు తప్పి, ఒకసారి ఆయన ముందుకు పోయాడు, ఒకసారి ఆమె ముందుకు పోయింది.

"మీ చిన్నప్పుడు ఇంట్లో పెద్ద మంచం ఏదైనా ఉండేదా?"

"ఉండేదట. నాకు గుర్తులేదు. నాకు ఊహ తెలిసేసరికి అందరం నేల మీదే పడుకునేవాళ్లం."

"ఏమైంది ఆ మంచం?"

"చెద పట్టిందని పొయ్యిలో పెట్టానని అమ్మ చెప్పేది. ఎందుకు?"

ఆమె చెప్పింది. ఆయన రోడ్డు మధ్యలో ఆగిపోయాడు. వెనక సైకిలువాడు గంట కొట్టాక పక్కకు జరిగాడు.

"అన్నయ్యకు చెప్పకు," అన్నాడు.

"ఎలా చెప్పకుండా ఉంటాను?"

"నువ్వొక్క అబద్ధం రాస్తే ఇంట్లో అందరం కలిసి కూర్చుని భోంచేస్తాం."

"మనం కలిసి కూర్చుని భోంచేసి ఎన్నాళ్లయింది?" అంది ఆమె. "ఆ అబద్ధం రాయనిది ఇప్పుడు కదా. మరి అంతకుముందు అడ్డమేమొచ్చింది?"

ఆయన నడక పెంచాడు. ఇల్లు వచ్చేదాకా తగ్గించలేదు. గేటు తీసి ఆమె లోపలికి వెళ్లేదాకా పట్టుకుని నిలబడ్డాడు, పరాయివాళ్లకు పట్టుకున్నట్టు.

* * *

పెద్దకొడుకు కొట్టు నుంచి అప్పుడే వచ్చి కాళ్లు కడుక్కుంటున్నాడు. ఆమె ఆగకుండా చెప్పేసింది. చెక్క ఇక్కడిదే. మిల్లులో కోసింది. ఎవరో చాకుతో చెక్కారు. మంచంకోడు.

ఆయన తువ్వాలుతో ఒక కాలు తుడుచుకుని, రెండో కాలు తుడవడం మరిచిపోయాడు.

"నాన్న తెచ్చాడు," అన్నాడు.

"బావగారూ, నేననేది..."

"నాన్న తెచ్చాడు. నేను చూశాను. సంచి ఇక్కడే, ఈ గుమ్మంలోనే దించాడు. గోనెగుడ్డలో చుట్టి ఉంది. నా కళ్లముందే విప్పాడు. నువ్వు పుట్టావా అప్పటికి?"

గొంతు పెద్దది కాలేదు. అదే ఆమెను భయపెట్టింది. ఆయన అరిచి ఉంటే జవాబు చెప్పగలిగేది.

"బడిలో అందరి నాన్నలూ సాయంత్రం ఇంటికొచ్చేవారు. మా నాన్న ఎప్పుడొస్తాడో మా అమ్మకే తెలిసేది కాదు. కళాసీ కొడుకు, కళాసీ కొడుకు అనేవాళ్లు. 'మీ నాన్న అసలున్నాడా' అనేవాళ్లు. బొమ్మ వచ్చాక ఒక్కొక్కణ్నీ ఇంటికి పిలుచుకొచ్చి చూపించాను. మా నాన్న తెచ్చాడు, సముద్రం అవతల నుంచి తెచ్చాడు అని. ఆయన నా కోసం తెచ్చింది బతుకంతా అదొక్కటే. అది ఈ ఇంటి మంచంకోడా?"

తమ్ముడు గోడకున్న క్యాలెండరు వైపు చూస్తున్నాడు.

పెద్దకొడుకు తువ్వాలు తీగ మీద వేసి, వీధి అరుగు మీద కూర్చున్నాడు, అందరికీ వీపు పెట్టి.

"నీ నిజం నువ్వు దాచుకుంటే నీ సొమ్మేం పోయేది?" పెద్దకోడలు గొంతు తగ్గించి అంది. పొద్దుటి పదును లేదు ఆ మాటలో. "ఆయన ఇంట్లో నోరు పెద్దది చేస్తారుగానీ, ఆ బొమ్మ విషయంలో పసిపిల్లాడమ్మా. పెళ్లయిన కొత్తలో నాకు మొదట చూపించింది కూడా దాన్నే."

"నాకు తెలియదక్కా."

"నువ్వెప్పుడైనా అడిగితే కదా. నేనెప్పుడైనా చెబితే కదా."

పెద్దకోడలు కూరలు ముందేసుకుని తరగడం మొదలుపెట్టింది. చిన్నకోడలు మామగారి కంచంలో కాస్త మధ్యాహ్నపు అన్నం పెట్టుకుని మేడ ఎక్కింది.

* * *

ముసలాయన ఖాళీ గూటికి ఎదురుగా కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ఇంకా వెలుతురుంది. కిటికీలోంచి వచ్చిన ఎర్రటి ఎండ ఆయన మోకాళ్ల దాకా వచ్చి ఆగింది.

"దాన్నక్కడ పెట్టండి," అన్నాడు, ఆమె వైపు చూడకుండానే.

ఆమె కంచం కింద పెట్టి, మంచం అంచున కూర్చుంది. ఒక మనిషి పడుకునే సన్నటి ఇనపమంచం.

"మామయ్యా, దాన్ని ఇవాళ తిరగేసి చూశాను. పట్టెలు దూరిన చోట్లు కనబడ్డాయి."

ఆయన తల ఇటు తిరిగింది.

"బాగా పూడ్చాననుకున్నాను," అన్నాడు.

వారంలో ఆయన నోటి నుంచి వచ్చిన కొత్త మాట అది. ఆమె కదలకుండా కూర్చుంది. కదిలితే ఆ గొంతు మళ్లీ మూతపడుతుందేమోనని.

"ఒక ఏడు ఇంటికొచ్చిన నాలుగోనాడే మళ్లీ ఓడ ఎక్కమని కబురొచ్చింది. నేను వెళ్తానన్నాను. మీ అత్తయ్య మాట్లాడలేదు. ఆ రాత్రి వీధి అరుగు మీద పడుకున్నాను. పొద్దున లేచేసరికి మంచం ముక్కలు చేసి ఉంది. రంపంతో. ఎప్పుడు కోసిందో, నేనెలా నిద్రపోయానో ఇప్పటికీ తెలియదు. నా సంచిలో ఒక కోడు పెట్టి మూతి కట్టేసింది. 'నీ వంతు మంచం నువ్వు పట్టుకుపో' అంది."

ఆమెకు నవ్వొచ్చింది. నవ్వుతూ ఉండగానే కళ్లలో నీళ్లు తిరిగాయి. అది అత్తగారి మాటే. ఆ గొంతులోనే వినిపించింది.

"సముద్రంలో పారేద్దామని రెండుసార్లు పైకి తీసుకెళ్లాను. చెయ్యి రాలేదు. జేబులో చాకు ఉండేది. తోటివాళ్లు పేకాడుకునేవారు, తాగేవారు. నేను దాన్ని గీకుతూ కూర్చునేవాణ్ని. గుమ్మంలో నిలబడి నన్ను సాగనంపింది చూడు, అట్లాగే చెక్కాను. శాలువా పట్టుకుని. ఆ మొహంతోనే."

గదిలో ఎండ ఇంకాస్త వెనక్కి జరిగింది.

"అయితే అది..."

"పునీతుడూ లేడు, ఎవడూ లేడు. మీ అత్తయ్యే."

"ఆ ఎడమచెయ్యి?"

"పెద్దాడి తల మీద. వాడు అంతెత్తుండేవాడు అప్పటికి. వాణ్నీ పక్కన చెక్కుదామనుకున్నాను. కోడు చాల్లేదు." ఆయన అరచెయ్యి గాల్లోకి లేచి, ఓ పిల్లాడి తల ఎత్తున ఆగి, మళ్లీ ఒళ్లో పడింది. "తెచ్చి విప్పాను. చూస్తుంది, ఏదైనా అంటుంది, తిట్టినా బాగుండునని. పెద్దాడు 'ఎవరే అమ్మా ఇది' అని అడిగాడు. 'ఎవరో పునీతుడు, మీ నాన్న ఏ మఠంలోంచో ఎత్తుకొచ్చాడు' అంది. తీసుకెళ్లి గూట్లో పెట్టింది. అంతే."

"మీరు చెప్పలేదా?"

"ఏమని చెప్పను? నా చేతి పని అంత అందంగా ఉందా, పోలిక పట్టకపోతే తప్పు ఆవిడదా? గుర్తుపట్టలేదో, గుర్తుపట్టీ ఆ మాటన్నదో. ఇవాళ అడుగుదాం, రేపు అడుగుదాం అనుకున్నాను. ఓడలు మానేశాను, ఇంటికొచ్చి పడ్డాను, ఇద్దరం ముసలివాళ్లమయ్యాం. రోజూ దాని ఎదురుగానే కూర్చునేవాళ్లం. అడగలేదు."

కింద ఎవరో నీళ్ల పంపు తిప్పారు. కాసేపటికి ఆగింది.

"నీతో అన్నీ చెప్పేది కదమ్మా," అన్నాడు ముసలాయన. "ఎప్పుడైనా దీని గురించి ఏమైనా అన్నదా?"

ఆయన మొహం ఆమె వైపే ఉంది. అన్నదని చెబితే చాలు. ఒక్క చిన్న మాట కల్పిస్తే, ఈ మనిషి ఇవాళ నిద్రపోతాడు. అది ఆమెకు తెలుసు. అన్నీ చెప్పే అత్తగారు ఇది మాత్రం తనకూ చెప్పలేదన్నదీ తెలిసింది, అప్పుడే, ఆ క్షణంలోనే. ఎన్ని మధ్యాహ్నాలు ఇద్దరూ ఈ గదిలో గుడ్డలు మడతపెడుతూ కూర్చున్నారో. పిల్లి దగ్గిన సంగతి కూడా చెప్పిన మనిషి.

"లేదు మామయ్యా. ఏమీ అనలేదు."

ఆయన తలాడించాడు. అదే అనుకున్నట్టు.

"కానీ ఒకటుంది," అంది ఆమె, మెల్లగా, గుర్తు తెచ్చుకుంటూ. "అత్తయ్య ఎక్కడ దేవుడు కనిపించినా ఆగి దణ్ణం పెట్టుకునేది కదా. రోడ్డు మీద, బస్సులో, క్యాలెండరు బొమ్మకు కూడా. దీన్ని రోజూ తుడిచేది. దణ్ణం మాత్రం పెట్టగా నేను చూడలేదు."

"ఒక్కసారి కూడానా?"

"ఒక్కసారి కూడా."

ముసలాయన రెండు చేతులూ కుర్చీ చేతుల మీద ఆనించాడు. ఏడుస్తాడేమోనని ఆమె లేచింది. ఆయన ఏడవలేదు. కాళ్లతో నేల మీద తడుముతూ చెప్పుల కోసం వెతుకుతున్నాడు.

"పద," అన్నాడు. "ఎక్కడ పెట్టారో చూపించు."

"ఇప్పుడు మూసేసి ఉంటారు మామయ్యా. రేపు నేనే తెస్తాను."

"పద."

అత్తగారు పోయాక ఆయన ఆ మెట్లు దిగడం అదే మొదటిసారి. ఒక చెయ్యి గోడకు, ఒక చెయ్యి కోడలి భుజానికి. వంటింట్లో కత్తిపీట చప్పుడు ఆగిపోయింది. చిన్నకొడుకు ఎదురొచ్చి, ఏం చెయ్యాలో తెలియక పక్కకు తప్పుకుని, మళ్లీ వచ్చి తండ్రి రెండో చెయ్యి పట్టుకున్నాడు. ఆమె వైపు చూశాడు. ఆమె కూడా చూసింది.

వీధి గుమ్మం దాటాక ముసలాయన అరుగు దగ్గర నిలబడ్డాడు. పెద్దకొడుకు వెనక్కి తిరగలేదు.

"లేవరా," అన్నాడు తండ్రి. "నీకొకటి చూపించాలి."

"ఆవిడ చెప్పేసింది. మంచంకోడట కదా."

"చెప్పింది సగమే. మిగతాది కోడలికీ ఇందాకటిదాకా తెలియదు."

పెద్దకొడుకు తల కొంచెం తిప్పాడు, పూర్తిగా కాదు. అరుగు మీద ఆయన పక్కన ఇద్దరు కూర్చునేంత చోటుంది. ముసలాయన నిలబడే ఉన్నాడు. కొడుకు లేస్తాడా, తను కూర్చోవాలా తెలియక.